దయ్యాన్ని ఆపిన మధ్యాహ్నం

ఎనభైల్లో హనుమకొండలోని మా ఆఫీసులో గదంత కంప్యూటర్ ఉండేది. దాన్ని పిడుగు నుంచి నేను కాపాడిన కథ వినని వాళ్లు మా వీధిలో లేరు. నీలిమంట నేలమీద పాకుతూ వస్తుంటే కుర్చీ మీదుగా దూకి లైను ఆపానని చెబుతాను. ఒకసారి చెప్పినప్పుడు మీసం కూడా కాలింది.

మీసం కాలలేదు. అసలు పిడుగే పడలేదు.

మబ్బు మాత్రం పట్టింది. పదకొండింటికే లైట్లు వేసుకున్నాం. ఉరిమేలా ఉంటే హైదరాబాద్ కంప్యూటర్‌తో మమ్మల్ని కలిపే లైను ఆపాలని రూలు. ఆ లైను మీద వచ్చే కబుర్లకు దారి చూపే ప్రోగ్రామ్ ఒకటి కంటికి కనబడకుండా లోపల తిరుగుతుండేది. మేం దాన్ని దయ్యం అనేవాళ్లం. మర్యాదగా ఆపితే అవతలి యంత్రాలకు 'పోయొస్తా, ఇటేమీ పంపకండి' అని చెప్పి మరీ ఆగేది. దానికి పది నిమిషాలు. పీక నొక్కితే క్షణంలో పోయేది. కానీ అవతలి వాళ్లకు ఆ సంగతి తెలియదు, పంపుతూనే ఉంటారు; అవి లైను తెరిచేదాకా అక్కడే పడి ఉంటాయి.

నా పక్క సీట్లో కాశిబుగ్గ నుంచి వచ్చే ఆపరేటర్. భార్య హైదరాబాద్ దవాఖానలో కాన్పుకు ఉంది. ఏ కబురున్నా లైను మీద పంపుతానని అక్కడి ఆపరేటర్ మాటిచ్చాడు.

"అన్నా, లైను బంద్ చేస్తే నాకెట్ల తెలుస్తది?"

"ఫికర్ చెయ్యకు. మనం బందయినమని వాళ్లకు తెలుస్తది. ఫోన్ చేస్తరు."

అతను అవతలి గదిలో ఫోన్ దగ్గర కూర్చున్నాడు. నా బల్ల మీద మిరపకాయ బజ్జీలు చల్లారుతున్నాయి. పీక నొక్కేశాను.

వాన రాలేదు. మబ్బు కదల్లేదు. ఫోన్ మోగలేదు. కాజీపేటలో హైదరాబాద్ పోయే ఒంటిగంట బండికి వేళయింది.

"ఫోన్ రాలేదంటే అంత మంచిగనే ఉన్నట్టు గదన్నా?" తలుపు దగ్గరికొచ్చి అడిగాడు.

"అవ్" అన్నాను. మిగిలిన బజ్జీలు కాగితంలో చుట్టేశాను.

నాలుగింటికి లైను తెరిచాం. పన్నెండింటికి పంపిన కబురు అప్పుడొచ్చింది: 'ఆపరేషన్ చేయాలంటున్నారు. సంతకానికి వెంటనే రా.' రోజూ "పోయొస్తన్నా" అని చెప్పి కదిలేవాడు, ఏమీ అనకుండా పరిగెత్తాడు.

దవాఖానలో భార్య పక్కనున్న ఆమె తల్లి భయపడి వేలిముద్ర వేయలేదట. అతను చేరేసరికి చీకటి పడింది. భార్య దక్కింది. బిడ్డ దక్కలేదు.

పది రోజులకు తిరిగొచ్చి నా ముందు నిలబడ్డాడు. "ఆ రోజు ఫోనెందుకు రాలేదన్నా?"

పిడుగు కథ నేను మొదట చెప్పింది అతనికే.