చిన్నాయన చేసిన చాకు

మా చిన్నాయన ఏ ఇనుప ముక్కనూ నేరుగా ముట్టుకునేవాడు కాదు. ముందు చేతి వెనకవైపు దాని దగ్గర పెట్టి, సెగ లేదని తెలిశాకే తీసుకునేవాడు. "నల్లగా ఉండాదని నమ్మగూడదు పాపా," అనేవాడు.

బస్సు డ్రైవరుగా రిటైరయ్యాక ప్రొద్దుటూరులో ఇంటి వెనక సరదాకు కమ్మరం మొదలుపెట్టాడు. జమ్మలమడుగు పాత సామాన్ల అంగట్లో కొన్న లారీ బ్రేక్ డ్రమ్మే కొలిమి. గాలికి, జుట్టు ఆరబెట్టుకునే నా పాత మిషను.

నాకు కాన్పయితే, పసిబిడ్డ పక్కలో దిష్టికి పెట్టే చాకు తానే చేస్తానన్నాడు. లారీ కమాన్ పట్టీ కాల్చి, సాగగొట్టి, నీళ్లలో ముంచితే టప్పుమని చీలింది.

"అంగట్లో దొరకదా ఏంది?" అని చిన్నమ్మ ఎగతాళి చేసింది.

"మనవరాలికి అంగడిదా?" అంటూ రెండోది నూనెలో ముంచి, చీలకుండా నిలబెట్టాడు.

అది పట్టుకుని పులివెందులలో మా అమ్మ ఇంటికి బస్సులో వచ్చాడు. దగ్గుతున్నాడు. బిడ్డకు అంటుకుంటుందని భయపడి వాకిట్లోనే ఆపేశాను.

"తగ్గినాక రా చిన్నాయనా."

"సరే పాపా. బిడ్డ యాడికి పోతాది?" అని చాకు గడప మీద పెట్టి వెళ్లాడు.

నాలుగో రోజున చిన్నాయన గుండె ఆగిపోయింది.

"జలుబు గాదు పాపా, కొలిమి పొగకు దగ్గుతాండె," అంది చిన్నమ్మ, దినం నాడు.

బిడ్డను ఆమె ఒళ్లో పెట్టాను.