మాస్టారు చెప్పని బరువు

మాస్టారు పోయారన్న కబురు ఒక మంగళవారం పొద్దున, నేను ఆఫీసు మీటింగులో ఉండగా వచ్చింది. కెనడాలో మా సర్రీ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో రెండు ముక్కలు పెట్టారు. "మన డ్రైవింగ్ మాస్టారు ఇక లేరు. నిద్రలోనే వెళ్లిపోయారు." మీటింగు అయ్యేలోపు దాని కింద జ్ఞాపకాలు వరసగా వచ్చి పడ్డాయి. నాకు స్టీరింగు పట్టుకోవడం నేర్పింది ఆయనే అని ఒకరు. మంచులో బండి జారినప్పుడు ఆయన గొంతే వినిపించింది అని ఇంకొకరు. ఆయన నోట అబద్ధం వినలేదు అని ఒకాయన రాశారు. ఆ వాక్యం దగ్గర ఫోను బోర్లా పెట్టేశాను.

సంతాప సభలో మాట్లాడమని నన్ను అడిగారు. ఆయనకు నేను ఎంత దగ్గరో అందరికీ తెలుసు. నా వల్ల కాదన్నాను. అంతమంది ముందు నిలబడి ఆయన్ని పొగడలేను, నిందించనూ లేను. అందుకే రాస్తున్నాను.

పెళ్లై ఈ దేశం వచ్చిన కొత్తలో నాకు రోడ్డంటే భయం. బస్సు కోసం వానలో నిలబడేదాన్ని కానీ కారు నేర్చుకుంటానని నోరు తెరిచి అడగలేదు. మా ఆయనే ఎవరినో కనుక్కుని మాస్టారిని పిలిపించారు. ఇస్త్రీ చొక్కా, బుగ్గలో యాలక్కాయ, తెల్లటి చిన్న కారు. బండి కదిలించేముందు ఆయన అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే.

"ఏం కనిపిస్తోందమ్మా?"

"రోడ్డు, మాస్టారూ."

"రోడ్డు నాకూ కనిపిస్తోంది. ఇంకా?"

చెత్తడబ్బా, దాని వెనక కుక్క, కుక్క తాడు పట్టుకున్న పెద్దావిడ, రివర్స్ లైటు వెలిగిన వ్యాను. అన్నీ చెప్పాకే తాళం తిప్పనిచ్చేవారు. ఆ పెద్దావిడ రోడ్డు దాటదనుకుంటా అని ఒకసారి అన్నాను. "కనిపించింది చెప్పు. అనుకున్నది చెప్పకు" అన్నారు. వెనక నుంచి ఎవరైనా హారన్ కొడితే కంగారుగా యాక్సిలరేటర్ తొక్కేదాన్ని. "తొందర వాడిది. నీకేమిటి?" అనేవారు, యాలక్కాయ ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చుకుంటూ.

ఆయన దగ్గర నేర్చుకున్నాక నాకు భయం పోవడమే కాదు, బళ్ల మీద పిచ్చి పట్టుకుంది. పికప్ ట్రక్ కొంటానంటే స్నేహితులంతా నవ్వారు. "ఏంటి, ఇటుకలు మోస్తావా?" అన్నారు. మాస్టారు మాత్రం నాతో షోరూముకి వచ్చి, బండి కిందకి వంగి చూసి, అద్దాలు సర్ది, "ఎత్తు మీద కూర్చుంటే దూరం కనిపిస్తుంది. కొనుక్కో" అన్నారు. మా అమ్మాయి అప్పటికి వెనక సీట్లో కూర్చోబెడితే కిటికీ అందని వయసులో ఉంది.

ఆయనింటి పక్క జాగాలో ఒక క్యాంపర్ ఉండేది. ట్రక్ వెనక తొట్టిలోకి జార్చి పెట్టుకునే చిన్న ఇల్లు. పరుపు, పొయ్యి, నీళ్ల తొట్టి, చిన్న బల్ల, అన్నీ అందులోనే. వాడనప్పుడు నాలుగు ఇనప కాళ్ల మీద నిలబడి ఉంటుంది. రిటైరయ్యాక వాళ్లావిడని, అంటే మా ఆంటీని, తీసుకుని రాకీ కొండలన్నీ తిరగాలని, దానికి సరిపడే పెద్ద ట్రక్కుతో సహా కొన్నారు. రెండుసార్లు వెళ్లారో లేదో, ఒకరోజు కొట్లో కళ్లు తిరిగి పడిపోయారు. డాక్టరు ఆయన లైసెన్సు ఆపించారు. ఊరందరికీ డ్రైవింగ్ నేర్పిన మనిషి బస్ పాస్ తీసుకున్నారు. పెద్ద ట్రక్ అమ్మేశారు. క్యాంపర్ మాత్రం అమ్మలేకపోయారు. దాని మెట్టు మీద కూర్చుని కాఫీ తాగేవారు.

పోయినేడాది చలి తగ్గాక ఒక ఆదివారం నన్ను పిలిచారు.

"నీ ట్రక్ మీద దీన్ని పెడదాం. రాకీ కొండల్లో జాస్పర్ దాకా వెళ్లొద్దాం. మంచునది పక్కన పొయ్యి వెలిగించి కాఫీ పెట్టాలని నా కోరిక. నువ్వు నడుపు, నేను పక్కన కూర్చుంటాను. మొదటి రోజుల్లో లాగా."

ఆయన అడిగితే నేను కాదంటానా? ఆ వసంతమంతా శనాదివారాలు ఆయనింటి ముందే గడిచాయి. ముందు ట్రక్ వెనక తలుపు ఊడదీశాం. తొట్టిలో క్యాంపర్ జారకుండా మందపాటి రబ్బరు చాప పరిచాం. బండి చట్రానికి నాలుగు మూలలా కొక్కేలు బిగించి, వాటి నుంచి క్యాంపర్‌కి గొలుసులు కట్టేలా అమర్చాం. మనం బ్రేకు తొక్కితే క్యాంపర్ వెనక దీపాలు వెలగాలి కదా, దానికి వైరింగు. ప్రతి పనీ నా చేతే చేయించారు. "చూస్తే రాదు, బిగిస్తే వస్తుంది" అనేవారు. మా అమ్మాయి క్యాంపర్ పరుపెక్కి చిన్న కిటికీలోంచి, "మాస్టర్ తాతా, దిస్ ఈజ్ మై రూమ్!" అని అరిచేది. ఆంటీ పెసరట్లు తెచ్చి బానెట్ మీద పెట్టేవారు.

క్యాంపర్ కాళ్ల మధ్యకి ట్రక్కుని రివర్స్ చేసిన రోజు నాకింకా కళ్లకు కట్టినట్టుంది. రెండువైపులా బెత్తెడు ఖాళీ. మాస్టారు వెనక నిలబడి ఒక్క చెయ్యి ఊపుతూ, "అద్దాలు చూడకు, నన్ను చూడు" అన్నారు. ఆయన చెయ్యినే చూస్తూ వెనక్కి వెళ్లాను. ఎక్కడా గీత పడలేదు. ఆ రోజు నా అంత గొప్పది లేదనిపించింది.

క్యాంపర్ తొట్టిలోకి దిగగానే ట్రక్ వెనక భాగం కుంగింది. ముందు దీపాలు ఆకాశం చూశాయి. స్ప్రింగుల పక్కన గాలి సంచులు పెడితే లేస్తుందన్నారు మాస్టారు. పెట్టాం, గాలి నింపాం. బండి తిన్నగా నిలబడింది. కానీ డ్రైవర్ తలుపు అంచున ఉన్న స్టిక్కర్ నేను చదివాను. మనుషులూ సామానూ కలిపి ఇంత బరువుకి మించకూడదని అందులో రాసి ఉంది. ఖాళీ క్యాంపర్ బరువే దానికి దగ్గరగా ఉంది. దాని మీద మాస్టారు ఏళ్ల తరబడి సోలార్ పలక, పెద్ద బ్యాటరీ, ఎండకి పరదా, ఒక్కొక్కటిగా చేర్చుకుంటూ వచ్చారు.

"కాటా వేయిద్దాం మాస్టారూ" అన్నాను.

"వేయించాల్సిందే" అన్నారు వెంటనే.

ఇనప సామాను కొనే ఒక యార్డులో, పెద్ద బళ్లని తూచే కాటా ఉంది. నేను బండిని దాని మీదకి ఎక్కించి కూర్చున్నాను. మాస్టారు దిగి, ఆఫీసు గది కిటికీ దగ్గరకి వెళ్లారు. లోపలి మనిషితో ఏదో మాట్లాడి, కాసేపు అక్కడే నిలబడి, వచ్చి తలుపు తీసి కూర్చున్నారు.

"ఎంతొచ్చింది?"

"సరిపోయింది. పద."

నేను ఇంకో ప్రశ్న అడగలేదు. ఆయన మాట మీద నాకున్న నమ్మకం అలాంటిది.

జూలైలో బయల్దేరాం. మా ఆయనకు సెలవు దొరకలేదు. ఆంటీ మోకాళ్ల నొప్పులని ఆగిపోయారు. ముందు సీట్లో నేనూ మాస్టారూ, వెనక మా అమ్మాయి. హోప్ అనే ఊరు దాటి కొకిహాల్లా హైవే ఎక్కేటప్పుడు ఇంజిను రొప్పింది. ఎక్కుడు కదా అనుకున్నాను. మలుపుల్లో బండి కాస్త ఊగింది. కొత్త కదా, అలవాటవుతుంది అనుకున్నాను. అనుకున్నది చెప్పకు అన్న మనిషి పక్కనే ఉన్నారు. ఆయన మాట్లాడడం మానేశారని నేను గమనించలేదు.

కొండ దాటి మెరిట్ ఊరి వైపు దిగుతుంటే వెనక తుపాకీ పేలినట్టు చప్పుడైంది. వెనక టైరు పేలిపోయింది. బండి ఒక పక్కకి ఒరిగి, క్యాంపర్ దాన్ని ఇంకో పక్కకి లాగింది. అద్దంలో లారీ. మా అమ్మాయి కేక.

"బ్రేక్ తొక్కకు." మాస్టారి గొంతు అది. ఏమాత్రం వణకలేదు. "తిన్నగా పట్టుకో. కాలు తియ్యి. అదే తగ్గుతుంది. లారీని పోనీ. ఇప్పుడు పక్కకి. మెల్లగా. ఇంకా మెల్లగా."

బండి రోడ్డు అంచున కంకర మీద ఆగింది. నేను దిగి, వెనక తలుపు తీసి, మా అమ్మాయిని పట్టుకుని కూలబడ్డాను. మాస్టారు నా తల మీద చెయ్యి వేసి, "బాగా ఆపావమ్మా" అన్నారు. ఆ క్షణంలో ఆయన నాకు దేవుడిలా కనిపించారు.

బండిని తీసుకెళ్లడానికి వచ్చిన మనిషి పేలిన టైరు చూశాడు, రెండో పక్క టైరు చూశాడు. అదీ పక్కలు ఉబ్బి ఉంది. "కాటా వేయించారా? ఎంతొచ్చింది?" అని ఇంగ్లిష్‌లో మామూలుగా అడిగాడు. వేయించామని ధీమాగా చెప్పి మాస్టారి వైపు తిరిగాను. ఆయన కొండల వైపు చూస్తున్నారు.

"మాస్టారూ, ఎంతొచ్చింది?"

"ఎక్కువొచ్చిందమ్మా."

"ఎక్కువంటే?"

"చాలా ఎక్కువ."

గాలి సంచులు బండిని తిన్నగా నిలబెడతాయి కానీ దాని మోసే శక్తిని పెంచవని ఆ రోజే నాకు తెలిసింది. ఆయనకు ముందే తెలుసు.

"మరి సరిపోయిందన్నారు కదా?"

"చెబితే వద్దనేదానివి."

"అవును, వద్దనేదాన్ని."

"అందుకే చెప్పలేదు."

ఇంకే సంజాయిషీ ఇవ్వలేదు. క్యాంపర్‌ని మెరిట్‌లో ఒక షెడ్డు దగ్గర దింపేసి, టైర్లు మార్పించుకుని, ఖాళీ ట్రక్కుతో వెనక్కి తిరిగాం. ఆయన ఇంటి ముందు దిగుతుంటే ఒక్క మాట అన్నాను. "పిల్ల వెనక సీట్లో ఉంది మాస్టారూ." ఆయన తల వంచుకుని లోపలికి వెళ్లిపోయారు.

ఎవరో ఒకడు మోసం చేస్తే తిట్టుకుని మర్చిపోతాం. కానీ నాకు చూడడం నేర్పిన మనిషే నా కళ్లు మూశారు. ఆ తర్వాత స్టీరింగు పట్టుకున్న ప్రతిసారీ, ఆయన చెప్పినవాటిలో ఏది నిజం, ఏది నన్ను నడిపించడానికి చెప్పినది అని అనుమానం వచ్చేది. మా అమ్మాయికి ఇవేవీ పట్టలేదు. "బట్ హీ సేవ్డ్ అస్, అమ్మా" అనేది. నిజమే. మమ్మల్ని ఆపదలో పెట్టింది, అందులోంచి బయటికి తెచ్చింది ఒకే మనిషి. ఈ రెండింట్లో ఏదో ఒకటి పట్టుకుని ఉండమంటే నాకు ఇప్పటికీ చేతకావడం లేదు.

గుడి హాల్లో శనివారాలు కొత్తగా వచ్చిన పిల్లలకి ఆయన రోడ్డు నియమాలు చెప్పేవారు. అక్టోబరులో అక్కడి స్టూడెంట్ ఒకమ్మాయి నాతో అంది. "మాస్టారు ప్రతి క్లాసులో ఒక కథ చెప్తారక్కా. కాటా మీద అబద్ధమాడిన ముసలాడి కథ. ఆ ముసలాడు నేనే అంటారు. నిజమేనా?" నాకు ఒళ్లు మండింది. అబద్ధమాడానని ఊరందరికీ చెప్పారు. నాకు తప్ప.

డిసెంబరులో వచ్చారు. రెండు బస్సులు మారి, తడిసిన కోటుతో గుమ్మంలో నిలబడ్డారు. లోపలికి రమ్మన్నాను. కాఫీ ఇచ్చాను. మా అమ్మాయి ఆయన పక్కన కూర్చుని స్కూలు కబుర్లు చెప్పింది. అది లేచి వెళ్లాక, కప్పు కింద పెట్టి, కాటా మీద ఆ రోజు వచ్చిన అంకె చెప్పారు. మళ్లీ అడగాల్సిన పని లేకుండా స్పష్టంగా. అది ఇక్కడ రాయను. స్టిక్కర్ మీదున్న అంకెతో పోల్చుకుని నేను కళ్లు మూసుకున్నాను.

"క్షమించమని అడగడానికి రాలేదమ్మా. నువ్వు అడిగినదానికి జవాబు బాకీ పడ్డాను. అంతే."

"అంత ఇష్టమా మాస్టారూ, ఆ మంచునది?"

"నది కాదు. ఇంకొక్కసారి రోడ్డు మీద ఉండాలని."

స్కైట్రెయిన్ స్టేషన్ దాకా దింపాను. సీటు బెల్టు పెట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, స్కూలుకి వెళ్లే పిల్లాడిలా కూర్చున్నారు. దిగేటప్పుడు, "బాగా నడుపుతున్నావు" అన్నారు. క్షమించానని నేను చెప్పలేదు. అప్పటికి క్షమించలేదు కాబట్టి చెప్పలేదు. అబద్ధమాడనందుకు నాకు బాధ లేదు. ఆయన పోయారన్నదే బాధ.

సభలో మిగతావాళ్లు మాట్లాడారు. నేను చివరి వరసలో కూర్చున్నాను. వాళ్లు చెప్పినవన్నీ నిజమే.

తర్వాత కొన్నాళ్లకి ఆంటీ ఫోన్ చేశారు.

"నువ్వు ఖాళీగా ఉన్నావా? నాకు బండి నేర్పుతావా?"

"మీకు రాదా ఆంటీ?"

"ఆయన పక్కన కూర్చుంటే నాకు స్టీరింగు కూడా గుర్తుండేది కాదు. రాత పరీక్ష పాసై లెర్నర్ లైసెన్స్ తెచ్చుకున్నాను. ఆయనకి చెప్పలేదు."

ఆదివారం పొద్దున మూసేసిన ఒక ఫర్నిచర్ కొట్టు ముందున్న పార్కింగ్‌కి వెళ్లాం. సన్నగా వాన. బండి వెనక అద్దానికి లెర్నర్ బోర్డు అతికించాను. ఆంటీ చీర కుచ్చిళ్లు దోపుకుని, నా ట్రక్కులోకి మెట్టెక్కి, సీటు బాగా ముందుకి జరుపుకున్నారు. గాజుల చేతులు స్టీరింగు మీద బిగుసుకున్నాయి.

"భయంగా ఉందే. ఏమీ కాదని చెప్పు."

చెప్పేయాలనిపించింది. నోటి దాకా వచ్చింది కూడా.

"ఏమవుతుందో చెప్తానాంటీ. బ్రేకు మీంచి కాలు తీస్తే బండి దానంతటదే కదులుతుంది. మీకు గుండె ఝల్లుమంటుంది. అప్పుడు మళ్లీ తొక్కితే ఆగుతుంది."

ఆవిడ నా వైపు చూసి, ముందుకి చూసి, కాలు తీశారు. గీతలు గీసిన ఖాళీ స్థలంలో, ఏ గీతనీ పట్టించుకోకుండా, అంత పెద్ద బండి వానలో తాబేలులా కదిలింది.

"అమ్మో, పోతోంది!" అన్నారు ఆంటీ. ఆపలేదు.