డ్రిల్లు మాస్టారు పడ్డ తీరు

భట్టిప్రోలు తోమాసు రేపల్లెలోని ఓ ప్రైవేటు బడిలో డ్రిల్లు మాస్టారు. ఆయన ఈల వేస్తే పిల్లలే కాదు, గేటు దగ్గర వాచ్‌మన్ కూడా నిటారుగా నిలబడేవాడు. అలాంటి మనిషిని రెండువేల అయిదులో బడి తెరవగానే కరెస్పాండెంటు సుందరయ్య పిలిపించాడు. టీవీలు చూసి తల్లిదండ్రులు మోడరన్ డాన్సు కావాలంటున్నారనీ, ఇకపై డ్రిల్లు పీరియడు ఉండదనీ, డాన్సు నేర్చుకొస్తే సరేసరి, లేకపోతే వేరే మనిషిని పెట్టుకుంటామనీ చెప్పేశాడు. యాభై దాటాక ఇదేం ఖర్మ! ఈ ఉద్యోగం పోతే తోమాసుకు మరో పని రాదు.

సాయంత్రాలు పాసింజరెక్కి తెనాలి వెళ్ళి చంద్రిక అనే డాన్సు టీచరు దగ్గర నేర్చుకోవడం మొదలుపెట్టాడు. చెన్నైలో నేర్చుకొచ్చిన ఆ అమ్మాయి ఆయన కూతురికంటే చిన్నది. ఛాతీ విరిచి, పొట్ట బిగించి నిలబడమని ఇన్నేళ్ళూ ఆయన పిల్లల్ని గదమాయిస్తే, ఈమె ఒళ్ళంతా వదిలెయ్యమంటుంది. మోడరన్ డాన్సులో మొదటి పాఠం అదేనట: ఊపిరి పీలుస్తూ లేవాలట, వదులుతూ నేలమీదికి ఒరిగిపోవాలట. అందరూ మెత్తగా ఒరుగుతుంటే ఈయన మాత్రం కొయ్యబారి నిలబడి ఆర్డరు కోసం చూసేవాడు.

"ఎప్పుడు పడాలమ్మా?" అని చివరికి ఉండబట్టలేక అడిగాడు.

"మీకు పడాలనిపించినప్పుడు పడండి మాస్టారూ."

తోమాసుకు బుర్ర తిరిగిపోయింది. పడాలని మనిషికెందుకు అనిపిస్తుంది? రైల్లో ఆలోచించాడు, అన్నం ముందు ఆలోచించాడు, చర్చిలో ప్రసంగం నడుస్తుండగా కూడా అదే ఆలోచించాడు. ఏమీ తెగలేదు.

సుందరయ్య క్లాసు చూస్తానన్న రోజు రానే వచ్చింది. పిల్లలు అలవాటు కొద్దీ చేతులు చాచి ఎడం కొలుచుకుని వరసల్లో నిలబడ్డారు. ఊపిరి వదులుతూ, ఎవరికి పడాలనిపిస్తే వాళ్ళు పడమన్నాడు తోమాసు. ఒక్కరు కదిలితే ఒట్టు. అందరి కళ్ళూ ఆయన మెడలోని ఈల మీదే. వరండాలో సుందరయ్య వాచీ చూసుకున్నాడు. ఇక లాభం లేదని తోమాసు కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలాడు. ఏమైందో ఏమో, మోకాళ్ళు వాటంతటవే వదులయ్యాయి. నడుము, భుజం, తల ఒకదాని వెనక ఒకటి చప్పుడు లేకుండా నేలకు చేరాయి. ఎంత హాయిగా ఉందో!

సారు పడిపోయారంటూ పిల్లలు వరసలు వదిలి పరుగెత్తుకొచ్చారు. ఒకరు మొహాన నీళ్ళు చల్లారు, ఇంకొకరు పరీక్ష అట్టతో విసిరారు. ఇది పాఠమేనండి, నేను బాగానే ఉన్నానండి అని తోమాసు మొత్తుకున్నాడు. అంత నిజంగా పడ్డవాణ్ణి ఎవరు నమ్ముతారు? సుందరయ్య స్వయంగా చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించాడు.

"ఈ వయసులో మీకీ డాన్సులు వద్దండి తోమాసు గారూ. రేపట్నుంచి ఇంటిపట్టున ఉండండి, వేరే మనిషిని చూసుకుంటాం," అన్నాడు ఎంతో దయగా.

ఆటో కదిలాక తోమాసుకు ఏడుపొచ్చింది. పాఠం వచ్చిన రోజే ఉద్యోగం ఎందుకు పోయిందో ఆయనకు అర్థం కాలేదు.