నిద్రలో కొలిచిన పాదం

పిల్లల పాదాల మీద పరిశోధన అంటే మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు. కళ్లు, పళ్లు, గుండె అన్నీ అయిపోయి చివరికి కాళ్ల మీద పడ్డావా అని మా అక్క ఎత్తిపొడుపు. నేను ఫిజియోథెరపిస్టును. నడక చెడిన పెద్దవాళ్ల చేత మళ్లీ అడుగులు వేయించడం నా ఉద్యోగం. వాళ్ల కథ తవ్వుకుంటూ పోతే చాలాసార్లు చిన్నప్పటి చెప్పుల దగ్గర తేలేది. అందుకే బడిపిల్లల కోసం ఒక బొమ్మల పాఠం తయారుచేశాను. ట్యాబులో ఒక పాదం బొమ్మ మాట్లాడుతుంది. దానికి తోడు ఒక నల్లటి చాప. దాని మీద నిలబడితే బరువు ఎక్కడ పడుతోందో ట్యాబులో రంగులుగా కనిపిస్తుంది. తేలిగ్గా ఆనిన చోట నీలం, గట్టిగా నొక్కిన చోట ఎరుపు. ఈ పాఠం పిల్లలకు ఎక్కుతుందో లేదో చూద్దామని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు మూడు బడులు అనుకుని బయల్దేరాను. అప్పటికే ఒంటిపూట బడులు మొదలయ్యాయి. ఆ ఎండల్లో వెళ్లేవాళ్లు నీళ్ల సీసాలు రెండు పెట్టుకోండి, ఒకటి చాలదు.

మంగళవారం మధ్యాహ్నం కాచిగూడలో రైలెక్కాను. ఎదుటి సీట్లో ఒక పెద్దాయన చెప్పులు విప్పి, కాళ్లు నా సీటు అంచున పెట్టుకున్నాడు. మడమలు ఎండిన చెరువులా బీటలు వారాయి. నేను చూస్తున్నానని కాళ్లు ముడుచుకోబోతే, పరవాలేదు, నేను కాళ్ల డాక్టర్నని చెప్పాను. ఆయన కాసేపు నన్ను అనుమానంగా చూసి, "కాళ్లకు గూడ డాక్టరుంటదా? నా పెండ్లి దాంక నాకు చెప్పులే లేవు. పెండ్లిల ఏసుకుంటే నడకే మర్సిపోయిన" అన్నాడు. మహబూబ్‌నగర్ దాటాక వేడిగాలికి పెట్టెలో అందరి తలలూ ఊగడం మొదలైంది. నాకూ కునుకు పట్టింది. బయట ఎర్రమట్టి, రాళ్లగుట్టలు, మళ్లీ ఎర్రమట్టి. అవి కలలోవో కిటికీలోవో తెలియకుండానే గద్వాల వచ్చేసింది. బస్టాండు దగ్గర లాడ్జి. ఫ్యాను తిరుగుతుంది, అంతకన్నా పొగడలేను.

బుధవారం పొద్దున ఉగ్గాణి, మిరపకాయ బజ్జి తిని ఏడింటికి ఆటోలో బడికి వెళ్లాను. వడ్డేపల్లి వైపు ఒక పల్లె. ట్యాబులో నా పాదం బొమ్మ "ప్రతిదినమూ వేళ్ల సందులను శుభ్రపరచుకొనవలెను" అనగానే పిల్లలు పడీపడీ నవ్వారు. ఆ గొంతు నాదే. అంత పుస్తకాల తెలుగు ఎవరు మాట్లాడమన్నారో నాకే తెలియదు, సిగ్గేసింది. చాప మాత్రం గెలిచింది. పిల్లలు ఒక్కొక్కరే ఎక్కి, తమ పాదం తెర మీద నీలంగా, పచ్చగా పరుచుకోవడం చూసుకుని మురిసిపోయారు. మబ్బు పట్టిన తెల్లవారుజాములాంటి గదిలో ఆ రంగులు ఒకదాని వెనక ఒకటి వెలిగి ఆరిపోతుంటే, పని మానేసి చూస్తూ కూర్చోవాలనిపించింది.

ఆఖరున సువార్త వచ్చింది. ఆరో తరగతి. నల్ల బూట్లు, అద్దంలా తుడుచుకుని వేసుకుంది. విప్పమంటే విప్పదు. పరుగులో ఈ బడికి ఫస్టు వచ్చేది, క్రిస్మస్ తర్వాత ఆటలకే రావడం మానేసిందని వాళ్ల తరగతి సారు చెప్పారు. బతిమాలితే విప్పి చాప ఎక్కింది. తెర మీద నీలం లేదు, పచ్చ లేదు. వేళ్ల కొసలు, పాదం బయటి అంచు, అంతా ఎరుపు. నేను తెర వదిలి కింద చూశాను. వేళ్లు ముడుచుకుపోయాయి. బొటనవేలి గోరు నల్లబడి, పక్కన వాచింది. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. ఎన్నాళ్లుగా అని అడిగితే పిల్ల నేలచూపులు చూస్తూనే గొణిగింది. బూట్లు వాళ్లమ్మ క్రిస్మస్‌కు తెచ్చినవట.

పన్నెండున్నరకు బడి విడిచాక సారుతో కలిసి వాళ్లింటికి వెళ్లాను. ఇంట్లో అవ్వ ఒక్కతే ఉంది. సువార్త తల్లి మరియమ్మ నాగర్‌కర్నూల్ పక్కన ఇటుక బట్టీలో పనిచేస్తుంది. పైవారం ఈస్టర్‌కు వస్తుంది, వచ్చేటప్పుడు కొత్త బూట్లు తెస్తుంది. ఆమెకు చెప్పుల నంబర్లు తెలియవు. చీపురుపుల్లతో కూతురి పాదం కొలిచి, తుంచి, వెంట తీసుకుపోతుంది. ఆ వాడలో వలసపోయే తల్లులందరూ చేసేది అదే. ఇందులో తప్పేముంది, మా అమ్మమ్మ కూడా నాకు అలాగే కొలిచేది. కానీ అసలు సంగతి అవ్వ తర్వాతి మాటలో ఉంది.

"బట్టీ మేస్త్రీ కూలోళ్లను తోల్కపోయే బండి తెల్లారకముందే వస్తది బిడ్డా. పోరి లేసిందంటే ఎంబడి వస్తనని ఏడుస్తది. గందుకే నిద్రల ఉన్నప్పుడే కొలుసుకొని పోతది."

పడుకున్న పాదం ముడుచుకుని ఉంటుంది. నిలబడి బరువు మోస్తేనే పూర్తిగా సాగుతుంది. వేళ్ల ముందు కాస్త చోటు కూడా వదలాలి. పైగా కొలిచిన నాటికీ కొన్న నాటికీ పిల్లలు ఊరికే ఉండరు, పెరుగుతారు. నా పాఠంలో గోళ్లున్నాయి, మురికి ఉంది, పుళ్లున్నాయి, ఈ సంగతి మాత్రం లేదు. తల్లి వెళ్లిపోయేటప్పుడు పిల్ల నిద్రపోతుంటుందని నాకెలా తడుతుంది!

ఈ శనివారం సంతలో మరియమ్మ బూట్లు కొంటుందట, క్రిస్మస్ తర్వాత వెళ్తూ నిద్రలో కొలుచుకుపోయిన పుల్లతోనే. ఫోనులో చెబుదామంటే మేస్త్రీ ఫోను ఆదివారం గానీ అందదు. అంటే మళ్లీ బిగుతు బూట్లే, ఈ పిల్ల మళ్లీ నోరెత్తకుండా తొడుక్కోవడమే. నేను శుక్రవారం నాగర్‌కర్నూల్‌లో ఉంటాను. సువార్తను గోడకు ఆనించి నిలబెట్టి, అవ్వ చీపురులోంచి ఒక పుల్ల లాగి, వేళ్ల ముందు కాస్త వదిలి తుంచాను. గోరు దవాఖానలో చూపించే పూచీ సారు తీసుకున్నారు. గడప దాటుతుంటే సువార్త నా కొంగు పట్టుకుంది.

"అమ్మకు బూట్లు కరుస్తున్నయని చెప్పకు మేడం. పండుగపూట ఏడుస్తది."

చెప్పనన్నాను.

గురువారం ఆరింటి బస్సులో వనపర్తి. ఆడవాళ్లం కాబట్టి ఆధార్ చూపిస్తే సున్నా టికెట్టు. పుల్లను కళ్లజోడు పెట్టెలో దాచి ఒళ్లో పట్టుకున్నాను. ఎర్రవల్లి దాటి బీచుపల్లి వంతెన ఎక్కేసరికి కృష్ణ మీద ఇంకా పలచటి పొగమంచు ఉంది. నది సన్నబడి రాళ్లు తేలాయి. బస్సు నెమ్మదించింది, మాటలు ఆగాయి. నిద్రకళ్లకు ఆ రాళ్ల మీద చిన్నచిన్న పాదాలు నడిచిపోతున్నట్టు తోచింది, వెనక మనుషులెవరూ లేకుండా. పక్కన కూర్చున్నామె మోచేత్తో పొడిచింది. పెట్టెలో ఏముంది, అంత భద్రంగా పట్టుకున్నావు, బంగారమా అని అడిగింది. తెరిచి చూపించాను. చీపురుపుల్ల చూసి ముందు నవ్వింది. సంగతంతా విన్నాక నవ్వు ఆపి, కిటికీ వైపు తిరిగింది. పెబ్బేరులో దిగేముందు మాత్రం, "నేను గూడ పుణె పోయేటప్పుడు గట్లనే కొలిస్తి" అని దిగిపోయింది.

వనపర్తి బడిలో పాఠం బాగానే నడిచింది. నా పుస్తకాల తెలుగుకు అక్కడా నవ్వారు. భోజనం బస్టాండు ఎదుట మెస్సులో, పప్పు బాగుంది, అన్నం మెత్తబడింది. మూడింటికి బిజినేపల్లి మీదుగా నాగర్‌కర్నూల్ బస్సు. సీటు దొరకలేదు, సగం దూరం నిలబడే వెళ్లాను. నా పాదాలూ సాగి చెప్పుల్లోంచి వేళ్లు బయటికొచ్చాయి. పరిశోధన అంటే ఇలా ఉండాలని నన్ను నేనే ఎగతాళి చేసుకున్నాను.

శుక్రవారం బడి పని ముగించుకుని ఒంటిగంటకు బట్టీకి ఆటో మాట్లాడుకున్నాను. ఊరి బయట, ఎండలో ఇటుకల వరసలు తప్ప ఏమీ లేవు. ఎండమావుల్లో మనుషులు మోకాళ్ల దాకా కరిగిపోయి కనిపించారు. నన్ను చూసి లేబరాఫీసు నుంచి వచ్చానేమోనని మేస్త్రీ పరేషాన్ అయ్యాడు. సువార్త వాళ్ల ఊరి నుంచి వచ్చానన్నాక గానీ మరియమ్మను పిలవలేదు. ఆమె మట్టిచేతులతోనే పరుగున వచ్చింది. ముందు బిడ్డ బాగుందని చెప్పి, పుల్ల చేతిలో పెట్టాను.

"మా చీపురుదే" అంది, చూడగానే.

గుడిసెలోకి వెళ్లి రేకుపెట్టె తెరిచి, గుడ్డముక్కలో చుట్టిన పాత పుల్ల తెచ్చింది. రెండూ అరచేతిలో పక్కపక్కన పెట్టి, కింది కొసలు సమానం చేసింది. కొత్తది బొటనవేలి గోరంత పొడుగుంది. ట్యాబులోని రంగుల బొమ్మ చూపిద్దామని సంచిలోంచి బయటికి తీశాను. ఆమె అటు చూడనే లేదు. ఆ గోరంత మేర మీద వేలు పెట్టి అలాగే నిలబడింది. నిలబెట్టి కొలిచామని, కాస్త చోటు వదిలామని వివరించాను. విందో లేదో.

"ఇప్పుడున్న బూట్లు కరుస్తున్నయా?" అని అడిగింది.

నేను మాట ఇచ్చి వచ్చాను. ట్యాబు సంచిలో పెట్టుకునే వంకతో తల వంచుకున్నాను.

"చెప్పొద్దన్నదా?" అంది మళ్లీ. ఇటుకల వరస మీద కూలబడి, కొంగుతో మొహం తుడుచుకుంది. కన్నీళ్లకు మట్టి చెంపల మీద చారలు కట్టింది. నాకూ కళ్లు నిండాయి. అవతల ఎవరో ఇటుకలు పేర్చుతున్న చప్పుడు వినిపిస్తోంది. చివరికి ఆమె లేచి, రెండు పుల్లలనూ ఒకే గుడ్డలో చుట్టింది.

"దాని ఏడుపు సూడలేక నిద్రల కొలిస్తిని మేడం. ఇగ లేపి, నిలవెట్టి కొలుస్త. ఏడిస్తే ఏడ్వనీ. ఇద్దరం ఏడుస్తం."

నాలుగింటికి కల్వకుర్తి మీదుగా హైదరాబాదు బస్సు ఎక్కాను. ఎండ చల్లబడి గాలి మెత్తగా తగులుతోంది. ఈ మూడు ఊళ్లకూ వెళ్లేవాళ్లకు చెప్పేందుకు బస్సు వేళలు, మెస్సులు ఉన్నాయి గానీ, నా వెంట వచ్చింది మాత్రం నిద్రపోతున్న పిల్లల పక్కన చీకట్లో వంగి కూర్చున్న తల్లులే. పుస్తకాల తెలుగు తీసేసి పాఠం మొత్తం మళ్లీ చెప్పాలని, నిలబెట్టి కొలవడంతోనే మొదలుపెట్టాలని అప్పుడే అనుకున్నాను.

పక్క సీట్లో ఒకామె ఒళ్లో రెండేళ్ల పాప నిద్రపోతోంది. నేను చేసే పనేమిటో తెలుసుకుని, పాప పాదం జర చూడమంది. నిద్రలో వేళ్లన్నీ మొగ్గలా ముడుచుకుని ఉన్నాయి.

"పండుకున్నది. లేపాల్నా?" అంది తల్లి, మొహమాటంగా.

"లేపండి" అన్నాను.

పాప లేచింది. బస్సంతా తిరిగి చూసేలా ఏడ్చింది. తల్లి నవ్వుతూ చంకల కింద చేతులేసి నా ఒళ్లో నిలబెట్టింది. ఆ చిట్టి పాదాలు నా తొడల మీద వేళ్లు విప్పుకుని, తమ బరువంతా మోపాయి.