అత్తమ్మ ఫెర్న్ నా చేతికొచ్చిన చలికాలం

నవంబరు చివర్లో మా అత్తమ్మకు కుడికంటి శుక్లం ఆపరేషన్ అయింది. మొయినాబాద్‌లో మా ఇల్లు రోడ్డు పక్కనే. రోడ్డు వెడల్పు పనులతో రోజంతా దుమ్ము. కంటికి మంచిది కాదని ఆడబిడ్డ ఆమెను నెల రోజులుంచుకుంటానని శంకర్‌పల్లి తీసుకెళ్లింది. కారెక్కే ముందు అత్తమ్మ వరండాలో వేలాడుతున్న ఫెర్న్ కుండీ కింద నిలబడి ఆకుల్ని చేత్తో తడిమింది.

"చలి పెరిగితె లోపటికి తే బిడ్డా. నీళ్లు మర్వకు."

ఆమె అంగన్‌వాడీ టీచరుగా రిటైరైన రోజు తోటివాళ్లు ఇచ్చిన మొక్క అది. ఆకులు జడల్లా కుండీ చుట్టూ కిందికి జారేవి. ఏటా క్రిస్మస్‌కు నాలుగు రెమ్మలు కోసి చర్చిలో పూల కూజాలో పెట్టేది. నాకు మొక్కల గురించి తెలిసింది కరివేపాకు దాకానే.

డిసెంబరు మొదట్లోనే చలి బిగిసింది. నా ఉద్యోగం గండిపేట దగ్గరి కాలేజీ ఆఫీసులో. పొద్దున స్కూటీ మీద వెళ్తుంటే వేళ్లు కొంకర్లు పోయేవి. నాకే ఇట్లా ఉంటే పాపం మొక్కకెలా ఉందోనని దాన్ని తెచ్చి హాల్లో పడమటి కిటికీలో పెట్టాను. మధ్యాహ్నమంతా అక్కడ ఎండ, వెచ్చగా ఉంటుందని. చలికాలం కదా, నీళ్లు రెండు మూడు రోజులకోసారి చాలనుకున్నాను.

వారం తిరిగేసరికి ఆకుల అంచులు మాడినట్టయ్యాయి. ఆ తర్వాత రాలడం మొదలైంది. పొద్దున ఊడ్చిన చోటే సాయంత్రానికి మళ్లీ చేటెడు చెత్త. భయపడి రోజూ రెండేసి చెంబులు పోశాను. దాంతో మిగిలినవి కూడా పసుపెక్కి వాలిపోయాయి.

అత్తమ్మ రోజూ సాయంత్రం ఫోన్ చేసేది.

"చెట్టెట్లున్నది బిడ్డా?"

"మంచిగనే ఉన్నది అత్తమ్మా. మీ కన్నెట్లున్నది?"

"నాకేంది, మంచిగున్నది."

ఫోన్ పెట్టేశాక నాకు అన్నం సహించేది కాదు.

ఒక ఆదివారం చేవెళ్ల రోడ్డులోని నర్సరీకి వెళ్లాను. అచ్చం అలాంటిదే కొని, అదే కుండీలో పాతి, నోరు మూసుకుని కూర్చోవాలని నా ఆలోచన. నర్సరీ ఆవిడ నా ఫోన్‌లో ఫొటో చూసి వెంటనే అడిగింది.

"ఎండల పెట్టినవా అక్కా?"

"వెచ్చగుంటదని..."

"దీనికి ఎండ గాదు, గాలిల తేమ గావాలె. చలికాలం గాలి పొడిగుంటది. ఎండిందని నీళ్లు గుమ్మరిస్తె వేరు మురుగుతది."

"కొత్తది ఇయ్యి, తీస్కపోత."

"ఇస్త గానీ, ముందుగాల ఇంటికి పోయి చెట్టు మొదలు గోరుతోని గీకి చూడు. లోపట పచ్చగుంటె బతికున్నట్టే. ఎండినయన్ని కింది దాక కత్తిరించు. బాత్రూంల పెట్టు, వేడినీళ్ల ఆవిరికి తేరుకుంటది."

ఇంటికొచ్చి గీకాను. సన్నగా పచ్చటి గీత కనిపించింది. ఎండినవన్నీ కత్తిరించాను. చివరికి మూడే రెమ్మలు మిగిలాయి. కుండీని బాత్రూమ్‌లో బోర్లించిన బకెట్ మీద పెట్టాను. "ఇగ దీంతోని కలిసి స్నానం చెయ్యాల్నా?" అని మా ఆయన గొణిగాడు గానీ కదపలేదు.

వారం దాటినా నాకు ఏ మార్పూ కనిపించలేదు. క్రిస్మస్ ఇంకా నాలుగు రోజులుందనగా, చెప్పా పెట్టకుండా అత్తమ్మ ఆటో దిగింది. కాళ్లు కడుక్కోవడానికి నేరుగా బాత్రూమ్‌లోకి నడిచింది. నేను వంటింట్లో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"ఇది నా చెట్టేనా?"

వెళ్లి అంతా చెప్పేశాను. కిటికీ, ఎండ, చెంబులు, నర్సరీ. "ఫోన్ల మీకు అబద్ధం చెప్పిన అత్తమ్మా," అనేసరికి ఏడుపొచ్చింది.

ఆమె నల్లద్దాలు తీసి చేతిలో పట్టుకుంది.

"నేను గూడ చెప్పిన బిడ్డా. ఆపరేషనైన వారానికే కన్ను ఎర్రగై వాచింది. మూడుసార్లు దవాఖానకు తిప్పిన్రు. చూపు పోతదేమోనని మస్తు బుగులైంది. మీరు ఫికర్ చేస్తరని మంచిగున్నదన్న."

నా ఏడుపు ఆగిపోయింది. "మరి ఇప్పుడు?"

"మందులేసినంక తగ్గింది. ఇయ్యాల పొద్దుగాల గోడ మీది క్యాలెండర్ల చిన్నక్షరాలు గూడ చదివిన. ఇగ ఆగబుద్ధి గాలె, వచ్చిన."

ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ముందు ఎవరికి నవ్వొచ్చిందో గుర్తులేదు. డాక్టర్లు ఆమెను వంగొద్దన్నారని నేనే కుండీ ఎత్తి పట్టుకున్నాను. ఆమె మొదలు దగ్గరికి మొహం తెచ్చి చాలాసేపు చూసింది.

"ఇగో, గిటు చూడు."

కుండీని ఒక చేత్తో పొదివి ఫోన్ లైటు వేస్తే గానీ నాకు కనిపించలేదు. కత్తిరించిన కాడల మధ్య, పెసరగింజంత లేత మొలకలు చుట్ట చుట్టుకుని ఉన్నాయి. నేను నాలుగు చూశాను. ఆమె ఐదోది చూపించింది. గుండెల మీద నుంచి బండ దింపినట్టయింది.

"చర్చికి ఈసారి ఆకు లేకపోతె ఏమాయె, చామంతులున్నయ్ గద," అని ఆమె కాళ్లు కడుక్కుంది.

జనవరిలో చివరి చెకప్‌కు ఆమెను నేనే స్కూటీ మీద తీసుకెళ్లాను. అప్పటికి ఫెర్న్ మొలకలు జానెడు సాగాయి. కంటికి ఇక ఏ భయమూ లేదని, చుక్కల మందు ఆపేయొచ్చని డాక్టరు చెప్పాడు. తిరిగొస్తూ రోడ్డు పక్కన ఆగి, జామకాయలు కోయించుకుని ఉప్పూ కారంతో తిన్నాం. అక్కడి నుంచి ఇంటి దాకా అత్తమ్మ వెనక కూర్చుని, దారిలో కనిపించిన ప్లాట్ల వెంచర్ బోర్డులన్నీ ఒక్కటీ వదలకుండా పైకి చదువుతూ వచ్చింది.