లటాయి పట్టుకున్న చేతులు

భవానీపూర్‌లో ఒక కొట్టు ముందు లటాయి కనిపించింది. గాలిపటం దారం చుట్టే ఆ చక్రం చేతికి తీసుకోగానే గాజుపొడి, గంజి కలిసిన మాంజా వాసన తగిలింది.

బడ్జ్ బడ్జ్ జూట్‌మిల్లు క్వార్టర్స్‌లో పెరిగిన ఆడపిల్లలూ, మీకు గుర్తుందా? విశ్వకర్మ పూజనాడు గాలిపటాలు ఎగరేసేది అన్నలు, వెనక లటాయి పట్టుకునేది మనం.

"ఆడపిల్లకి గాలిపటమేటే? లటాయి అట్టుకో" అనేవాడు మా నాన్న.

ఓ ఏడు అన్నయ్య మంచినీళ్లకని మేడ దిగాడు. దారం నేనందుకున్నాను. వాడు పైకొచ్చేసరికి పక్కింటివాళ్ల పటం నా దారానికి తెగి గంగ మీదికి పోతోంది. దారం వదలమని నాన్న కేకేశాడు. వేలు తెగి నెత్తురొచ్చినా నేను వదల్లేదు.

ఇవాళ కొట్టతను, "అబ్బాయికా, దీదీ?" అన్నాడు.

"నాకే. మా అబ్బాయి లటాయి పట్టుకుంటాడు."