పంటి కింద సీసం

మా ఇంట్లో పట్టకారు ఉండేది కాదు. నాన్న నోరే పట్టకారు. కొల్లేటి ఒడ్డున మా ఊళ్లో విసురువల కట్టేవాళ్లందరిదీ అదే పద్ధతి. వల నీళ్లలో మునగాలంటే అంచు పొడుగునా సీసపు గుళ్లు ఉండాలి. చీలికున్న గుండుని తాడుకి తొడిగి పంటి కింద కటుక్కున నొక్కితే పట్టేస్తుంది. పట్టకారుతో నొక్కితే తాడు తెగిపోతుందని నాన్న వాదించేవాడు. నిజానికి ఆయన ఒక్కసారైనా నొక్కి చూసిన పాపాన పోలేదు.

ఎనిమిదేళ్లకే నేనూ ఆ పనిలో దిగాను. బడి నుంచి రాగానే పుస్తకాల సంచి ఓ మూలకి గిరాటేసి, అరుగు మీద ఆయన పక్కన చేరేదాన్ని. సీసం నాలిక్కి చప్పగా, కాస్త తియ్యగా తగిలేది. నేను కొరికిన గుళ్లు ఊడవని నాన్న ఊరంతా చెప్పుకునేవాడు. ఆ మాట కోసం ఇంకో వలైనా కట్టేసేదాన్ని. ఆ సాయంత్రాలు తల్చుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. అంత సంతోషంగా నేను మళ్లీ ఏ పనీ చెయ్యలేదు.

నిరుడు నాన్న కాలికి చేపముల్లు గుచ్చుకుంది. రెండు నెలలైనా పుండు మానలేదు. పైగా తరచూ జ్వరం. షుగరా అంటే అదీ లేదు. భీమడోలులో మందులు వాడి వాడి విసిగిపోయి, ఏలూరులో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ ఆయన చిగుళ్ల అంచున నల్లటి గీత చూసి, "ఏం పని చేస్తారండీ?" అనడిగింది. నాన్న గర్వంగా చెప్పాడు. నోటితో చేసి మరీ చూపించాడు.

రక్తం తీసి పరీక్షకు పంపారు. కాగితం వచ్చాక ఆవిడ మమ్మల్ని కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది.

"రక్తంలో సీసం బాగా చేరిందండీ. రోగాలతో పోరాడే తెల్లకణాలు ఉండాల్సినన్ని ఉన్నాయి గానీ, సీసం వాటి సత్తువ తీసేస్తుంది. పుండు మానకపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు. ఇక నోట్లో పెట్టకండి. వైద్యం చేద్దాం."

వాదనకి దిగుతాడని నేను సిద్ధంగా కూర్చున్నాను. నాన్న మాత్రం నా చెయ్యి పట్టి లాగి డాక్టరమ్మ బల్ల మీద పెట్టాడు.

"నా సంగతి తర్వాత చూద్దురు గానండీ. ముందు మా అమ్మాయి రక్తం తియ్యండమ్మా. చిన్నప్పుడు దీని చేత కొరికించింది నేనేనండీ."